నీరు సోకిన ల్యాప్‌టాప్ సర్క్యూట్ బోర్డు: దోష నిర్ధారణ, మరమ్మతు

ల్యాప్‌టాప్‌పై నీరు ఒలికినదని తెలియగానే చుట్టూ చేరినవారు చెప్పే సలహాలు సాధారణంగా మూడే. ఎండలో పెట్టమని ఒకరు, బియ్యంలో పూడ్చి ఉంచమని ఒకరు, ఇక దాని పని అయిపోయినది, కొత్తది కొనుక్కొనవలసినదేనని మరొకరు. ఈ మూడింటిలోనూ శాస్త్రం లేదు. మొదటి రెండు సలహాలు నీటి తడిని మాత్రమే శత్రువుగా భావిస్తాయి. మూడవది పరీక్ష చేయకుండానే తీర్పు చెబుతుంది. నిజానికి నీరు సోకిన బోర్డులలో చాలా వాటిని ఓపికతో, ఒక క్రమపద్ధతిలో పరీక్షిస్తే తిరిగి పనిచేయించవచ్చును. ఆ క్రమపద్ధతి ఏమిటో, దాని వెనుక ఉన్న రసాయన, భౌతికశాస్త్ర సూత్రాలు ఏమిటో విద్యార్థులకు తెలియజేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇది కేవలం చేతిపనికి సంబంధించిన విషయం కాదు. 2020 అక్టోబరులో హైదరాబాదు పాతబస్తీలోని పలు కాలనీలు వరదనీటిలో మునిగినవి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో అనేక ప్రాంతాలు జలమయమైనవి. అటువంటి సమయాలలో బియ్యం, బట్టలతోపాటు విద్యార్థుల చదువు పరికరాలు కూడ నీటిపాలవుతాయి. వరద రాకున్నను, బల్లపై పెట్టిన ఒక కప్పు ఇరానీ చాయ్ చాలు. మన కళాశాల విద్యార్థులలో పలువురికి ల్యాప్‌టాప్ అనేది ఇంటిల్లిపాదీ కూడబెట్టి కొన్న వస్తువు. అందులో ప్రాజెక్టు నివేదిక ఉంటుంది, దరఖాస్తులకు కావలసిన పత్రాల ప్రతులు ఉంటాయి, ఇంట్లో చిన్నవారి చదువు కూడ ఉంటుంది. కావున "పని అయిపోయినది" అనే మాట చెప్పుటకు ముందు మనం నిజంగా చూచి చెప్పవలెను.

నీరు చేసే హాని ఎటువంటిది?

స్వచ్ఛమైన నీరు మంచి విద్యుద్వాహకం కాదు. ప్రయోగశాలలో తయారుచేసే అతి శుద్ధమైన నీటి విశిష్ట నిరోధం 25 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 18 మెగా ఓం-సెంటీమీటర్లు. కాని కుళాయి నీటిలో లవణాలు కరిగి ఉంటాయి. చాయ్‌లో పాలు, పంచదార, లవణాలు మూడూ ఉంటాయి. వరదనీటిలో ఏమేమి ఉంటాయో చెప్పనక్కరలేదు. ఈ లవణాల అయానులే విద్యుత్తును మోస్తాయి. నీరు ఆవిరైపోయినను ఇవి బోర్డుమీదనే మిగిలిపోతాయి. మన వాతావరణంలోని తేమను మళ్ళీ పీల్చుకొని, అవి ఎప్పటికప్పుడు సన్నని వాహకపు పొరగా మారుతూ ఉంటాయి. బియ్యపు డబ్బాలో పెట్టిన ల్యాప్‌టాప్ రెండు వారాలు పనిచేసి మూడవ వారంలో ఆగిపోవుటకు కారణం ఇదే. బియ్యం లవణాన్ని తీయలేదు. పైపెచ్చు బియ్యపు పిండి సందులలో చేరుతుంది.

అయితే లవణజలం ఒక్కటే బోర్డును చెరపదు. లవణజలమూ, విద్యుత్ పీడనమూ కలిసినప్పుడే హాని జరుగుతుంది. ఇంటర్మీడియట్‌లో చదివిన విద్యుద్విశ్లేషణను ఇక్కడ జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. బోర్డుమీద పక్కపక్కన రెండు రాగి బిందువులు ఉన్నవనుకొందాం. ఒకదానిపై 3.3 వోల్టులు, రెండవదానిపై సున్న. మధ్యలో లవణజలపు బొట్టు పడినది. ఇక అది ఒక చిన్న విద్యుద్విశ్లేషణ ఘటమే. ధన ధ్రువమైన రాగి అయానులుగా కరిగి నీటిలోకి దిగుతుంది. ఆ అయానులు ఋణ ధ్రువం వద్ద తిరిగి లోహంగా పేరుకొంటాయి. ఇది నున్నని పూతగా పేరుకొనదు. చెట్టు కొమ్మలవలె చీలుతూ, సన్నని పోగులుగా ధన ధ్రువంవైపు పెరుగుతుంది. పోగు అవతలి అంచును తాకిన క్షణంలో రెండు బిందువుల మధ్య షార్ట్ ఏర్పడుతుంది. అనగా ఒక వైపు గీత తెగుతుంది, మరొక వైపు కలవకూడనివి కలుస్తాయి.

ఇది ఎంత వేగంగా జరుగుతుందో లెక్క వేసి చూడవచ్చును. ఫారడే నియమం ప్రకారం కరిగే లోహపు ద్రవ్యరాశి ప్రవహించిన విద్యుదావేశానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ఒక మైక్రో ఆంపియర్ ప్రవాహం 24 గంటలు, అనగా 86,400 సెకండ్లు సాగినచో ఆవేశం 0.0864 కూలుంబులు. రాగి పరమాణు భారం 63.5, సంయోజకత 2, ఫారడే స్థిరాంకం సుమారు 96,500. ఈ అంకెలతో లెక్కించగా కరిగిన రాగి సుమారు 28 మైక్రోగ్రాములు. రాగి సాంద్రత 8.96 కనుక దాని ఘనపరిమాణం సుమారు 0.0032 ఘన మిల్లీమీటర్లు. బోర్డుమీది ఒక సన్నని గీత వెడల్పు 0.1 మిల్లీమీటరు, మందం 0.035 మిల్లీమీటరు అనుకొన్నచో, దాని మధ్యచ్ఛేద వైశాల్యం 0.0035 చదరపు మిల్లీమీటర్లు. అనగా ఒక్క రోజులో దాదాపు 0.9 మిల్లీమీటరు పొడవు గీత పూర్తిగా మాయమవుతుంది. ప్రవాహమంతా రాగిని కరిగించుటకే వినియోగమైనదని భావించి వేసిన లెక్క ఇది. ప్రవాహం 100 మైక్రో ఆంపియర్లైనచో అదే పనికి పావుగంట చాలును.

ఈ లెక్కనుండి తేలే నీతి ఒకటే. తడిసిన బోర్డుకు కాలం పగ. విద్యుత్తు అంతకన్న పగ. తడిసినది ఆరిందా లేదా అని ఆరా తీయుటకన్న, బోర్డులో ఎక్కడా విద్యుత్తు మిగలకుండా చేయుట ముఖ్యం.

రాగి పాత్రకు పట్టే పచ్చని చిలుము మనందరం ఎరిగినదే. తడిసిన బోర్డుమీద కనిపించే ఆకుపచ్చ, నీలిపచ్చ మచ్చలు ఆ చిలుముకు దగ్గరి చుట్టాలు. అవి రాగి లవణాలు. వెనుకటి రోజులలో వీధులలో తిరిగే పనివారు పాత్రలకు కళాయి వేసేవారు. కళాయి అనగా తగరపు పూత. బోర్డుమీది టంకం కూడ ప్రధానంగా తగరమే. ఆ టంకపు పూత ఉన్నంత మేర రాగికి రక్షణ కలదు. పూత లేని చోట, ముఖ్యంగా పరీక్షా బిందువుల వద్ద, గీత ఒక పొరనుండి మరొక పొరకు దిగే 'వయా' అనే సన్నని రంధ్రాల వద్ద, చిలుము మొదట పడుతుంది.

తడిసిన వెంటనే చేయవలసినవి

మొదట అడాప్టరును గోడ సాకెట్టునుండి తీయవలెను. తరువాత ల్యాప్‌టాప్‌ను ఆపవలెను. మామూలు పద్ధతిలో ఆపే వ్యవధి లేనిచో పవర్ మీటను ఆరిపోయేంతవరకు నొక్కి పట్టవలెను. పిదప మూతను తెరచి, తలక్రిందులుగా గుడారంవలె బోర్లించి, నీటిని కీబోర్డు వైపునుండే బయటికి పోనీయవలెను. వీలైనంత త్వరగా అడుగు మూత విప్పి బ్యాటరీ కనెక్టరును ఊడదీయవలెను. గడియారం కొరకు 3 వోల్టుల చిన్న బిళ్ళ బ్యాటరీ వేరుగా ఉన్నచో దానినీ తీయవలెను. ల్యాప్‌టాప్ ఆపివేయబడినను ఈ రెండింటివల్ల బోర్డులోని కొన్ని గీతలమీద వోల్టేజి నిలిచియే ఉంటుంది. పైన చెప్పిన ఘటానికి ఆ వోల్టేజియే ఆహారం.

చేయకూడనివి కూడ ఉన్నవి. "ఒకసారి ఆన్ చేసి చూద్దాం" అనే కుతూహలాన్ని అణచుకొనవలెను. బాగుచేయదగిన బోర్డులు చచ్చేది ఈ ఒక్క చర్యతోనే. తల ఆరబెట్టుకొనే వేడిగాలి యంత్రంతో కొట్టరాదు. అది తడిని చిప్పుల క్రిందికి నెట్టుతుంది, ప్లాస్టిక్‌ను వంచుతుంది. ఉబ్బిన బ్యాటరీని గాని, తడిసిన బ్యాటరీని గాని మళ్ళీ తగిలించరాదు, గుచ్చరాదు, ఎండలో పెట్టరాదు. లిథియం బ్యాటరీ మంటలు సామాన్యమైనవి కావు.

బోర్డును కడుగుట

తడిసిన వస్తువును మళ్ళీ కడుగుట విద్యార్థులకు వింతగా తోచవచ్చును. కాని మన పని లవణాలను, పంచదారను తీయుట. అవి నీటిలో బాగా కరుగుతాయి, ఆల్కహాలులో అంతగా కరగవు. కాబట్టి మొదట స్వేదనజలంతో, తరువాత ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో కడుగవలెను. స్వేదనజలం లవణాన్ని కరిగించి తీసికొని పోతుంది. ఆల్కహాలు నీటిని తనలో కలుపుకొని, సందులనుండి వెలుపలికి తెచ్చి, త్వరగా ఆవిరవుతుంది. ఆల్కహాలు 99 శాతం శుద్ధి గలదై ఉండవలెను. మందుల దుకాణపు స్పిరిట్‌లో నీరు, ఇతర ద్రవ్యాలు కలిసి ఉండవచ్చును. ఇది సుమారు 12 డిగ్రీల వద్దనే నిప్పంటుకొనే ఆవిరినిచ్చే ద్రవం. కిటికీలు తెరచి, దరిదాపులలో నిప్పు గాని, వేడి టంకపు కడ్డీ గాని లేకుండా చూచుకొని వాడవలెను.

బోర్డును పెట్టెనుండి పూర్తిగా బయటికి తీయవలెను. ఫ్యాను, వేడిని మోసే రాగి గొట్టం, లోహపు కవచాలు, అంటించిన కాగితాలు, స్పీకర్లు, మైకు, విడివిడిగా ఊడే స్టోరేజి, మెమరీ పలకలు అన్నీ వేరుచేయవలెను. ప్రతి దశలోనూ ఫోటో తీసి పెట్టుకొనుట మంచి అలవాటు. తరువాత మెత్తని పళ్ళ బ్రష్‌తో, ముఖ్యంగా కనెక్టర్ల కాళ్ళ మధ్య, మృదువుగా రుద్దవలెను. పాలు, నూనె వంటివి పడినప్పుడు అల్ట్రాసోనిక్ తొట్టి బాగా ఉపకరిస్తుంది. సాధారణంగా 40 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యంతో కంపించే ద్రవంలో సూక్ష్మమైన బుడగలు పుట్టి పగులుతూ, బ్రష్ చేరలేని చిప్పుల అడుగు భాగాన్ని సహితం శుభ్రపరుస్తాయి. బ్యాటరీని, తెరను, కెమెరాను, మైకును అందులో వేయరాదు. కడిగిన పిదప 60 నుండి 70 డిగ్రీల వేడిలో కొన్ని గంటలు ఆరనీయవలెను.

ఆరిన బోర్డును మొదట కళ్ళతో చదవవలెను. ఇరవై రెట్లు పెద్దదిగా చూపే సూక్ష్మదర్శిని ఉన్నచో మరింత మేలు. పచ్చని చిలుము, తెల్లని బూజు వంటి లవణం, నల్లబడిన వయాలు, కాంతి పోయిన టంకం, పగిలిన చిప్పు ఎక్కడెక్కడ ఉన్నవో కాగితంపై పటం గీచి గుర్తించవలెను. అనేక తయారీదారులు లోపల తెల్లని చిన్న సూచికలను అంటిస్తారు. నీరు తాకినచో అవి ఎర్రబడతాయి. వాటివల్ల నీరు ఏ దారిన నడచినదో తెలుస్తుంది.

విద్యుత్తు నడిచే దారి

రోగ నిర్ధారణకు శరీర నిర్మాణం తెలియవలెను గదా. బోర్డులో విద్యుత్తు ఒక నిర్ణీత క్రమంలో నడుస్తుంది. అడాప్టరునుండి చాలా ల్యాప్‌టాప్‌లకు 19 లేక 20 వోల్టులు వస్తుంది. అది ప్రవేశద్వారం వద్ద రెండు మాస్‌ఫెట్‌లను దాటి, ప్రవాహాన్ని కొలిచే అతి తక్కువ నిరోధం గల ఒక రెసిస్టరు గుండా పోయి, ప్రధాన విద్యుత్ గీతకు చేరుతుంది. ఈ ద్వారాన్ని చార్జింగ్ చిప్పు కాపలా కాస్తుంది. ప్రధాన గీతనుండి మొట్టమొదట పుట్టేవి ఎల్లప్పుడూ ఉండే 3.3, 5 వోల్టుల సరఫరాలు. 3.3 వోల్టులతో ఎంబెడెడ్ కంట్రోలర్ అనే చిప్పు మేల్కొంటుంది. మనం పవర్ మీట నొక్కగానే ఆ చిప్పు తక్కిన సరఫరాలను వరుసగా పిలుస్తుంది. డీడీఆర్ 4 రకం మెమరీకి 1.2 వోల్టులు, చిప్‌సెట్‌కు దానికి తగినది, చిట్టచివర ప్రాసెసరుకు సుమారు ఒక వోల్టు.

ఇది సాలుకు నీరు పెట్టే కాలువ వంటిది. పై తూము మూసుకొనిపోయినప్పుడు క్రింది మడిని త్రవ్వి ప్రయోజనం లేదు. కాబట్టి పరీక్ష ఎల్లప్పుడూ ప్రవేశద్వారం నుండి మొదలుపెట్టి, ఒక్కొక్క మెట్టు దిగుతూ పోవలెను. ఏ మెట్టు వద్ద వోల్టేజి ఆగిపోయినదో, ఆ మెట్టు దగ్గర రోగం ఉన్నది.

నీటివల్ల వచ్చే రోగాలను మూడుగా విభజింపవచ్చును. మొదటిది షార్ట్: కలవకూడని రెండు గీతలు కలియుట. రెండవది తెగుట: కలిసి ఉండవలసిన గీత చిలుముకు ఆహుతి అగుట. మూడవది కారుట: లవణపు పొర గుండా కొద్దిపాటి విద్యుత్తు పక్కదారి పట్టి, ఉండవలసిన వోల్టేజి పడిపోవుట. మూడవదానికి చాలవరకు శుభ్రముగా కడుగుటయే మందు. మొదటి రెండింటికి కొలత అవసరం.

కొలతలు

అడాప్టరు, బ్యాటరీ రెండూ తీసివేసి, మల్టీమీటరును నిరోధం కొలిచే స్థానంలో ఉంచి, ఒక ముల్లును గ్రౌండుకు, రెండవదానిని ఒక్కొక్క సరఫరా గీతకు ఆనించవలెను. ప్రతి సరఫరాకు ఒక కాయిల్ బోర్డుమీద స్పష్టంగా కనిపిస్తుంది. దానిమీద కొలుచుట సులభం. ప్రధాన గీతకు, గ్రౌండుకు మధ్య సాధారణంగా వేల ఓములలో నిరోధం ఉండవలెను. ఒకటి రెండు ఓములు చూపినచో అక్కడ షార్ట్ ఉన్నదని అర్థం. అయితే ప్రాసెసరు కాయిల్ వద్ద కొద్ది ఓములు, ఒక్కొక్కప్పుడు ఒక ఓముకన్న తక్కువ కూడ చూపుట సహజం. దానిని షార్ట్ అనుకొని మంచి ప్రాసెసరుకు మరణశాసనం వ్రాయరాదు.

మీటరులోని డయోడ్ స్థానం మరొక చక్కని సాధనం. ఎర్ర ముల్లును గ్రౌండుకు, నల్ల ముల్లును పరీక్షించే బిందువుకు ఆనించినచో చిప్పు లోపలి డయోడ్‌లవల్ల సంకేత గీతలపై తరచుగా 0.3 నుండి 0.7 వోల్టుల మధ్య అంకె కనిపిస్తుంది. సున్న చూపినచో షార్ట్. అంకె ఏమీ రానిచో గీత తెగినదేమోనని అనుమానించవలెను. అదే నమూనా మంచి బోర్డు దగ్గర ఉన్నచో రెండింటిని బిందువు బిందువుకు పోల్చుట శ్రేష్ఠమైన పద్ధతి. ఆ నమూనాకు సంబంధించిన సర్క్యూట్ పటం లభించినచో అది మన చేతిలో దీపం వంటిది.

షార్ట్ ఉన్నదని తేలినది. ఎక్కడ ఉన్నదో ఎట్లు తెలియును? ఒకే గీతమీద పదుల కొలది కెపాసిటర్లు సమాంతరంగా ఉంటాయి. ఒక్కటి షార్ట్ అయినను మీటరుకు అన్నీ షార్ట్‌గానే కనిపిస్తాయి. ఇక్కడ ఉష్ణం మనకు తోడ్పడుతుంది. నియంత్రిత విద్యుత్ సరఫరా యంత్రాన్ని ఒక వోల్టుకు, రెండు మూడు ఆంపియర్ల పరిమితికి అమర్చి ఆ గీతకు కలుపవలెను. ఒక వోల్టు వద్ద రెండు ఆంపియర్లు ప్రవహించినచో రెండు వాట్ల శక్తి వెలువడుతుంది; అందులో అధికభాగం ఆ ఒక్క మిల్లీమీటరంత వస్తువులోనే ఉష్ణంగా మారుతుంది. బోర్డుమీద ముందుగా ఆల్కహాలు పలుచగా పూసినచో, ఏ భాగం మొదట ఆరిపోతుందో అదే దోషి. ఉష్ణ కెమెరా ఉన్నచో ఇంకను సులభం. అప్పుడు ఆల్కహాలు పూయనక్కరలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఏ గీతకూ దాని సహజ వోల్టేజికన్న ఎక్కువ ఇవ్వరాదు. ప్రధాన గీతకు వోల్టేజి ఇచ్చే ముందు, దానికీ ప్రాసెసరు కాయిల్‌కూ మధ్య నిరోధం కూడ కొలువవలెను. ఆ రెండింటి మధ్యనున్న మాస్‌ఫెట్ షార్ట్ అయి ఉన్నచో మనం ఇచ్చే వోల్టేజి నేరుగా ప్రాసెసరును చేరుతుంది. అందుచేతనే ఒక వోల్టుతో ప్రారంభించుట నియమం.

ఒక దృష్టాంతం

మా ప్రయోగశాలకు వచ్చిన ఒక బోర్డు ఈ సూత్రాలన్నిటికీ ఉదాహరణగా నిలుస్తుంది. ఒక డిగ్రీ చివరి సంవత్సరపు విద్యార్థిని ల్యాప్‌టాప్‌పై చాయ్ ఒలికినది. బ్యాటరీ తీయకుండానే దానిని మూడు రోజులు బియ్యంలో ఉంచారు. ఒక దుకాణంలో బోర్డు మార్చవలెనని, ఆ ఖర్చుకు కొద్దిగా కలిపితే కొత్తదే వచ్చునని చెప్పారు. సమర్పణకు పన్నెండు రోజులే గడువున్న ప్రాజెక్టు నివేదిక ఆ యంత్రంలో తప్ప మరెక్కడా లేదు.

అడాప్టరు తగిలించగానే దాని దీపం ఆరిపోతున్నది. ఇది ప్రవేశద్వారానికి సమీపంలో షార్ట్ ఉన్నదనుటకు లక్షణం. బోర్డును కడిగి ఆరబెట్టి కొలువగా, ప్రధాన గీతకు, గ్రౌండుకు మధ్య ఒక ఓముకన్న తక్కువ నిరోధం ఉన్నది. ప్రాసెసరు కాయిల్‌కు, ఆ గీతకు మధ్య మాత్రం షార్ట్ లేదు. ఇది శుభసూచకం. ఒక వోల్టు ఇవ్వగా చార్జింగ్ చిప్పు పక్కనున్న ఒక సెరామిక్ కెపాసిటరుపై ఆల్కహాలు క్షణాలలో ఆరిపోయినది. దానిని హాట్ ఎయిర్‌తో తీసివేయగానే నిరోధం వేల ఓములకు పెరిగినది. పాడైన మరొక బోర్డునుండి అదే కెపాసిటీ, అంతకు తగ్గని వోల్టేజి ఓర్పు గల కెపాసిటరును తెచ్చి టంకం వేశాము.

అడాప్టరు దీపం నిలిచినది. 3.3, 5 వోల్టులు వచ్చినవి. అయినను పవర్ మీట నొక్కినచో చలనం లేదు. పవర్ మీటకు పోయే గీతమీద సాధారణంగా 3.3 వోల్టులు ఉంటుంది. మీట నొక్కినప్పుడు అది గ్రౌండుకు దిగి కంట్రోలర్‌కు సంకేతం అందుతుంది. కంట్రోలర్ వైపు 3.3 వోల్టులు ఉన్నది. మీట కనెక్టరు వద్ద సున్న. కావున గీత మధ్యలో తెగినది. సూక్ష్మదర్శిని క్రింద కనెక్టరు పక్కన ఒక వయా నల్లబడి, లోపలి రాగి తినివేయబడి కనిపించినది. పైన వేసిన లెక్కను ఇక్కడ అన్వయించి చూడుడు. ఎల్లప్పుడూ ధన వోల్టేజి గల గీత. బ్యాటరీ తగిలించియే ఉన్న మూడు రోజులు. ఒక్క మైక్రో ఆంపియరు చొప్పున వేసుకొన్నను 2.7 మిల్లీమీటర్ల గీతకు సరిపడే రాగి కరుగుతుంది. బియ్యంలో ఉంచిన కాలమే వయాను తినివేసినదని చెప్పవచ్చును.

వయాకు ఇరువైపులా పై పూతను గీకి, మెరిసే రాగికి టంకపు పూత నిచ్చి, 0.1 మిల్లీమీటరు ఎనామిల్ తీగతో రెండు కొనలను కలిపి, దానిపై అతినీలలోహిత కాంతికి గట్టిపడే రక్షణపూత వేశాము. మీట నొక్కగా తెర వెలిగినది. మొట్టమొదట చేసిన పని నివేదికను, తక్కిన ఫైళ్ళను మరొక డ్రైవులోకి ఎత్తుట. కీబోర్డు మార్చుట, మూత బిగించుట ఆ తరువాతనే. నివేదిక గడువు లోపల సమర్పింపబడినది.

ఈ దృష్టాంతంలో రెండు రోగాలు ఒకదాని వెనుక ఒకటి దాగి ఉన్నవి. మొదటిది నయమైన తరువాతనే రెండవది బయటపడినది. "కెపాసిటర్ మార్చినను పనిచేయలేదు, కాబట్టి బోర్డు చచ్చినది" అని అక్కడనే ఆగిన వారికి విజయం లభింపదు.

ఎక్కడ ఆగవలెను?

ప్రతి బోర్డూ బ్రతుకుతుందని మేము చెప్పుట లేదు. ప్రధాన వోల్టేజి ప్రాసెసరులోనికి దూకినప్పుడు, బోర్డు లోపలి పొరలు కాలి బొగ్గైనప్పుడు, ఉప్పునీటిలో చాలాకాలం నాని చిప్పుల అడుగు టంకమంతా తినివేయబడినప్పుడు మరమ్మతు శ్రమకు తగిన ఫలం ఇవ్వదు. బాగైన బోర్డు కూడ మునుపటంత నమ్మకమైనదని భావించరాదు.

అయినను, బోర్డు చావు బ్రతుకులు వేరు, అందులోని సమాచారం వేరు. స్టోరేజి పలక విడిగా ఊడేదైనచో మరొక యంత్రంలో పెట్టి చదువవచ్చును. కాని అది రహస్య లిపిలో భద్రపరచబడి, తాళపు చెవి అదే బోర్డుమీది భద్రతా చిప్పులో ఉన్నచో, 48 అంకెల పునరుద్ధరణ సంఖ్య లేకుండా తెరువలేము. కొన్ని కొత్త యంత్రాలలో స్టోరేజి చిప్పులు బోర్డుకే టంకం వేయబడి, ప్రాసెసరుతోనే ముడిపడి ఉంటాయి. అటువంటి వాటిలో సమాచారం కావలెనన్నచో బోర్డును బ్రతికించుట తప్ప మరొక మార్గం లేదు. అప్పుడు మరమ్మతు లక్ష్యం ఆ యంత్రం పదేళ్ళు నడుచుట కాదు. ఒక్క గంట నడుచుట. ఆ ఒక్క గంటలో ఫైళ్ళు బయటికి వచ్చినచో పని నెరవేరినట్లే.

విద్యార్థులకు, కళాశాల కమిటీకి

విద్యార్థులకు మా సూచనలు మూడు. ముఖ్యమైన ఫైళ్ళకు ఎల్లప్పుడూ రెండవ ప్రతి ఉంచుకొనుడు. మీ యంత్రపు పునరుద్ధరణ సంఖ్యను నేడే కాగితంపై వ్రాసి ఇంట్లో భద్రపరచుడు. నీరు పడిన నాడు ఆన్ చేయకుండా, బ్యాటరీ తీసి, వీలైతే ఆనాడే తీసుకొని రండు. ఈ పనిని నేర్చుకొన దలచినవారు మొదట పాడైన పాత బోర్డులపై టంకం, కొలత అభ్యసించవలెను. అడాప్టరు లోపలి 230 వోల్టుల భాగాన్ని మాత్రం ఎవరూ విప్పరాదు.

కమిటీవారికి మా విజ్ఞప్తి ఇది. ప్రయోగశాలలోని ఏ యంత్రాన్నైనను పనికిరాని సామానుల పట్టికలో చేర్చుటకు ముందు, పైన వివరించిన కొలతలు ఒకసారి జరిపి, ఫలితాన్ని ఒక రిజిస్టరులో నమోదు చేసే నియమం పెట్టవలెను. దీనికి కావలసిన సామగ్రి పెద్దదేమీ కాదు: ఒక మంచి మల్టీమీటరు, నియంత్రిత విద్యుత్ సరఫరా, సూక్ష్మదర్శిని, టంకపు కడ్డీ, హాట్ ఎయిర్ యంత్రం, చిన్న అల్ట్రాసోనిక్ తొట్టి. నిజంగా పనికిరానివని తేలిన బోర్డులను 2023 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న 2022 నాటి ఎలక్ట్రానిక్ వ్యర్థాల నియమాల ప్రకారం నమోదైన పునర్వినియోగ సంస్థలకే ఇవ్వవలెను, చెత్తకుప్పలో వేయరాదు.

ఆ రిజిస్టరును తెలుగు, ఉర్దూ భాషలు రెండింటిలోనూ వ్రాయించవలెనని మా కోరిక. 'మరమ్మతు' అనే మాట ఉర్దూనుండి మనకు వచ్చి తెలుగు మాటగానే స్థిరపడినది. 'కళాయి' కూడ అంతే. ఈ పనికి సంబంధించిన పలుకుబడి రెండు భాషల విద్యార్థుల నోటిలోనూ ముందే ఉన్నది. ఒకరు కనుగొన్న దోషం, దానికి చేసిన చికిత్స ఆ పుటలలో నిలిచినచో, మరుసటి సంవత్సరం వచ్చే విద్యార్థి సున్ననుండి మొదలుపెట్టనక్కరలేదు. ప్రతి తడిసిన బోర్డూ ఒక పాఠం. ఆ పాఠాన్ని పారవేయక చదివి చూచే అలవాటు మన కళాశాలలో నెలకొనవలెనని ఆశిస్తున్నాము.